పనిముట్ల నడుమ విద్యాగోష్ఠి

సంక్రాంతి పండుగ వెళ్ళింది మొదలు గుంటూరు మిర్చి యార్డుకు దారితీసే రహదారులు ఎర్రని బస్తాల లారీలతో నిండిపోతాయి. అంతకు ముందు కొన్ని నెలల పాటు అవే దారులలో పల్నాడు, ప్రకాశం పల్లెల నుండి పత్తి బోరాలు జిన్నింగ్ మిల్లులకు తరలిపోతూ ఉంటాయి. కోల్‌కతాను, చెన్నైని కలిపే 16వ నంబరు జాతీయ రహదారి ఈ మైదానం గుండానే సాగిపోతుంది. వాహనాలు పెరిగిన చోట ప్రమాదాలూ పెరుగుతాయి. ప్రమాదంలో గాయపడిన మనిషికి వైద్యుడు చికిత్స చేస్తాడు. మరి గాయపడిన వాహనానికి చికిత్స చేసేది ఎవరు?

ఆ పని చేసేవారే టింకరింగ్ పనివారు, వెల్డర్లు, పెయింటర్లు. సొట్టపడిన రేకును సుత్తితో, డాలీతో సరిచేయడం, వంగిన భాగాన్ని లాగి యథాస్థానానికి తేవడం, పనికిరాని ముక్కను కోసి కొత్తది అతకడం, పుట్టీ పెట్టి నునుపుచేసి రంగు వేయడం వీరి విద్య. పని పూర్తయిన వాహనం చూపులకు కొత్తదానివలె ఉంటుంది. కాని చూపులకు బాగుండడం వేరు, దృఢంగా ఉండడం వేరు. మెరిసే రంగు కింద అతుకు బలహీనంగా ఉన్నదీ లేనిదీ యజమానికి తెలియదు. అది తెలిసినవాడు పనివాడొక్కడే. కనుక ఆ వాహనంలో ప్రయాణించే వారి ప్రాణాలు అతని నేర్పుపైనా, నిజాయితీపైనా ఆధారపడి ఉన్నాయి.

ఈ విద్యను చాలామంది పాఠశాలలో నేర్చుకోలేదు. పారిశ్రామిక శిక్షణ సంస్థలలో ఇందుకు సంబంధించిన కోర్సులు ఉన్నప్పటికీ, షెడ్డులో గురువు పక్కన నిలబడి నేర్చినవారే అధికం. పానా అందించడంతో మొదలైన కుర్రవాడు కొన్నేళ్ళకు తానే గురువవుతాడు. ఒక షెడ్డులో అంతుచిక్కని సమస్య ఎదురైతే పక్క షెడ్డు నుండి "అన్నా, ఒకసారి వచ్చి చూడు" అని పిలుపు వస్తుంది. పిలిచినవాడు చిన్నబోడు, వచ్చినవాడు గర్వించడు. ఒకరి వద్ద లేని పనిముట్టు మరొకరి వద్ద దొరుకుతుంది. ఈ ఇరుగుపొరుగు బంధమే ఆటోనగర్లకు ప్రాణం. 1960ల దశకంలో విజయవాడలో రూపుదిద్దుకొన్న జవహర్ ఆటోనగర్ ఇందుకు గొప్ప ఉదాహరణ. నగరమంతటా చెదరి ఉన్న పనివారు సంఘటితమై ఒక్కచోట చేరడం వల్ల అది దేశంలోనే పేరెన్నికగన్న వాహన పరిశ్రమల కేంద్రంగా ఎదిగింది. గుంటూరులోనూ ఆటోనగర్ వెలసింది.

వృత్తిదారులు కూటమిగా ఏర్పడడం ఈ నేలకు కొత్త కాదు. నేటి బాపట్ల జిల్లాలోని భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రే జరిపిన తవ్వకాలలో శాసనాలు గల ధాతు కరండాలు బయల్పడ్డాయి. క్రీస్తు పూర్వపు ఆ ప్రాకృత శాసనాలలో గోష్ఠిని, నిగమాన్ని సూచించే పదాలు కనిపిస్తాయి. గోష్ఠి అంటే కలిసి కూర్చొనేవారి సమూహం. నిగమం వర్తకుల, వృత్తిదారుల కూటమి అని పండితులు వివరించారు. రెండువేల ఏళ్ళకు పూర్వమే ఇక్కడివారు ఒక్కటై పనులు నిర్వహించుకొన్నారనడానికి అవి సాక్ష్యాలు.

నేడు ఈ గోష్ఠి అవసరం మరింత పెరిగింది. అందుకు కారణం వాహన నిర్మాణంలో వచ్చిన మార్పు. లారీకి బలమైన ఛాసిస్ వేరుగా ఉంటుంది. నేటి కార్లలో అత్యధిక భాగానికి అటువంటి ఛాసిస్ లేదు. శరీరమే అస్థిపంజరం. ఢీకొన్నప్పుడు ముందు భాగం నలిగి దెబ్బ తీవ్రతను తాను మింగుతుంది. లోపల మనుషులు కూర్చొనే గది మాత్రం చెక్కుచెదరక నిలవాలి. అందుకే ఆ గది చుట్టూ మిక్కిలి దృఢమైన ప్రత్యేక ఉక్కును వాడుతున్నారు. పూర్వం వంగిన ఇనుమును గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి సరిచేయడం నేర్పరితనంగా చెల్లింది. ఈ కొత్త ఉక్కును అలా కాలిస్తే దాని బలం నశిస్తుంది. నిన్నటి నేర్పు నేడు ప్రమాదంగా మారిందన్నమాట. ఎయిర్‌బ్యాగులు, విద్యుత్ వాహనాలలోని అధిక వోల్టేజి తీగలు తెలియక తాకితే పనివాని ప్రాణానికే ముప్పు. ముప్పై ఏళ్ళ అనుభవం గల గురువు సైతం నిన్న మొన్న చేరిన శిష్యుని వద్ద కొంత నేర్చుకోవలసిన కాలమిది.

ఈ సమస్య ఒక్క ప్రాంతానిది కాదు. కార్ల నిర్మాణంలో ఇటువంటి మార్పు వచ్చినప్పుడు అమెరికాలో మరమ్మతు నిపుణులు, బీమా సంస్థలు, వాహన తయారీదారులు ఒక్కచోట చేరి 1979లో ఐ-కార్ అనే శిక్షణ సంస్థను నెలకొల్పుకొన్నారు. పోటీదారులైనప్పటికీ విద్య విషయంలో చేతులు కలపడం అందులోని విశేషం.

పరస్పర సహకారం విద్యకే పరిమితం కారాదు. రెండు భాగాలుగా కలిపి చిమ్మే పాలియురెథేన్ రంగులలోని ఐసోసయనేట్లు ఉబ్బసానికి కారణమవుతాయి. ముక్కుకు గుడ్డ కట్టుకొన్నంత మాత్రాన అవి ఆగవు. తగిన శ్వాస కవచం, గాలిని బయటికి పంపే ఏర్పాటు అవసరం. వెల్డింగ్ వెలుగు కంటికి, సుత్తి మోత చెవికి చేటు. "ఇన్నాళ్ళూ మాకేమీ కాలేదు" అనే మాట షెడ్డులలో తరచుగా వినిపిస్తుంది. యజమాని హెచ్చరిక కన్న తోటి పనివాని అనుభవం ఆ భ్రమను త్వరగా తొలగిస్తుంది. దెబ్బ తగిలి పని ఆగిన నాడు ఇల్లు గడవడానికి ముందుగా అందేది కూడా తోటివారి చేయూతే.

నేడు పనివారి చేతికి ఫోను వచ్చింది. విరిగిన భాగం చిత్రం తీసి పంపితే దూరాన ఉన్న మిత్రుడు క్షణాలలో సలహా ఇస్తున్నాడు. ఇది మేలే. అయితే విన్న ప్రతి మాటా ప్రమాణం కాదు. ఆ వాహనం తయారీదారు ఇచ్చిన మరమ్మతు సూచనలతో సరిచూసుకొన్న తరువాతనే సలహాను ఆచరించాలి. కిటుకు చెబితే గిరాకీ పోతుందని విద్యను దాచుకొనేవారూ లేకపోలేదు. వారు గ్రహించవలసిన సత్యం ఒకటి ఉంది. తాను నేర్పని పాఠం వల్ల పొరుగు షెడ్డులో బలహీనంగా అతికిన వాహనంలో రేపు తన బిడ్డలే ప్రయాణించవచ్చు.

విజయదశమి నాడు ఈ పనివారు తమ పనిముట్లకు భక్తితో ఆయుధపూజ చేస్తారు. సుత్తి, పానా అరిగిపోయేవి. తెలిసినదాన్ని తోటివారికి పంచే గుణం తరతరాలు నిలిచేది. పనిముట్టుతో పాటు ఆ గుణాన్ని కూడా పూజించిన నాడే ఆ పండుగ సార్థకమవుతుంది.