ఫిట్స్ వస్తే... తాళాలు కాదు, గడియారం!

కంకిపాడు బస్టాండులో ఎవరైనా ఫిట్స్‌తో పడిపోయారనుకోండి. క్షణాల్లో జనం మూగుతారు. ఒకరు తాళాల గుత్తి చేతిలో పెడతారు, ఇంకొకరు ఉల్లిపాయ వాసన చూపిస్తారు. చాలామందికి రెండు మూడు నిమిషాల్లో దానంతటదే తగ్గిపోతుంది. పేరు మాత్రం తాళాలకొస్తుంది! ఈ హడావుడిలో టైము చూసేవారే ఉండరు. చూడాల్సింది అదే.

ఎందుకంటారా? మెదడు కణాల ఉద్రేకాన్ని అదుపులో పెట్టే రసాయనం పేరు గాబా. దాన్ని అందుకోవడానికి కణం పైపొరలో గ్రాహకాలుంటాయి. ఫిట్స్ ఆపే డయాజిపామ్, మిడాజొలామ్ మందులు పనిచేసేదీ వీటి ద్వారానే. ఫిట్స్ ఎంతకీ ఆగకపోతే ఆ గ్రాహకాలే కణం లోపలికి జారుకుంటాయని ఎలుకల మీద జరిపిన పరిశోధనల్లో తేలింది. 2005లో అమెరికా శాస్త్రజ్ఞులు పరీక్షించిన ఎలుకల్లో గంట గడిచేసరికి, కణాలు కలిసే చోట ఇవి సగానికి పడిపోయాయి. ఉద్రేకాన్ని పెంచే ఎన్‌ఎండీఏ గ్రాహకాలేమో పైకి చేరతాయి. బ్రేకులు ఊడిన బండికి యాక్సిలేటరు తొక్కినట్టు!

అంతకుముందు 1997లో మరో పరిశోధన. ఎలుకల్లో ఫిట్స్‌ను 10 నిమిషాలకు ఆపిన డయాజిపామ్, 45 నిమిషాలయ్యాక ఇస్తే సుమారు పదిరెట్లు కావాల్సొచ్చింది. మందు అదే, ఆలస్యమే తేడా.

ఎలుకా మనిషీ ఒకటి కాదు, నిజమే. కానీ ఆలస్యమైనకొద్దీ ఫిట్స్ మందుకు లొంగకపోవడం ఆస్పత్రుల్లో డాక్టర్లు చూస్తున్నదే. అందుకే అయిదు నిమిషాలు దాటితే ప్రాణాపాయంగా లెక్కగడతారు.

మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచాలూ గుడ్డలూ కుక్కకండి, నీళ్లు పోయకండి. అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్లీ వచ్చినా, గర్భిణి అయినా వెంటనే 108కి ఫోన్ చేయండి. కంకిపాడు నుంచి ఆటో మాట్లాడుకుని, బెంజి సర్కిల్ రద్దీ దాటి విజయవాడలో ఆస్పత్రి చేరేసరికి ఎంత సమయం పోతుందో మీకు తెలియనిది కాదు. ఈ దూరాన్ని తట్టుకోవడానికే ముక్కులో కొట్టే మిడాజొలామ్ స్ప్రే ఉంది. ఇంట్లో ఉంచుకోవచ్చేమో డాక్టరునడగండి. వాడే పద్ధతి ఇంటిల్లిపాదీ నేర్చుకోండి.

ఇక్కడే మన ఇళ్లలో ఒక చిక్కు. పెళ్లి కాదేమోనని ఆడపిల్లకున్న మూర్ఛను దాచేస్తాం. హిందూ వివాహ చట్టంలో పెళ్లికి మూర్ఛ అడ్డంకి అన్న మాటను 1999లోనే తీసేశారు. అయినా భయం పోలేదు. అత్తవారింట ఆ స్ప్రే బీరువాలో చీరల కింద దాక్కుంటే, పిల్ల పడిపోయిన రోజున తీసిచ్చేదెవరు?