గాటా అనే లస్కరు

సింధనూరు క్యాంపుల్లో తుంగభద్ర ఎడమ కాలువ కింద వరి పండించేవాళ్లకి లస్కరు ఎవరో చెప్పనక్కర్లేదు. నీళ్లూ అతనివి కావు, పొలమూ అతనిది కాదు; కానీ అతను షట్టరు ఎత్తకపోతే మడి తడవదు.

ఎర్రకణాలు తయారయ్యే మన ఎముక మూలుగలోనూ అలాంటి లస్కరు ఒకడున్నాడు. గాటా-1 అనే ప్రొటీను. డీఎన్‌ఏలో జి-ఎ-టి-ఎ అనే నాలుగక్షరాలు కనిపించిన చోట వాలుతుంది గనక ఆ పేరు. జింకు పరమాణువులతో గట్టిపడ్డ రెండు మడతలున్నాయి దానికి, శాస్త్రజ్ఞులు వాటిని వేళ్లంటారు. ఆ పట్టు కుదిరితే పక్కనున్న జన్యువు పనిలోకి దిగుతుంది. తొందరగానే దిగాలి. ఎర్రకణం నెత్తుట్లోకి రాకముందే జన్యువులున్న తన కేంద్రకాన్ని బయటికి నెట్టేస్తుంది. ఆ తర్వాత ఎత్తడానికి షట్టరే ఉండదు.

అలా తెరుచుకునే జన్యువుల్లో ఒకటి డఫీ. 1950లో, పదేపదే రక్తం ఎక్కించుకున్న హీమోఫీలియా రోగి సీరంలో కొత్త యాంటీబాడీ బయటపడింది. అది పట్టుకునే పదార్థానికి ఆయన ఇంటిపేరే పెట్టారు. తెల్లకణాలను పిలిచే కీమోకైన్లను పట్టి ఉంచే గ్రాహకం అదేనని 1993లో గాని తెలియలేదు. ఈలోగా దాని చెడ్డపేరు ముందే బయటికొచ్చింది: వైవాక్స్ మలేరియా క్రిమి ఎర్రకణంలో దూరేది ఆ గుమ్మంలోంచే. డఫీ లేనివాళ్లకి ఆ జ్వరం అంటడం లేదని 1976లో అమెరికాలో లూయీ మిల్లర్ బృందం చూపింది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసినప్పుడు సింధనూరున్న మన రాయచూరూ అదే నిజాం సీమలోది. క్రిమి ఎలా వస్తుందో అక్కడ తేలింది, గుమ్మం సంగతికి ఇంకో డెబ్భై తొమ్మిదేళ్లు పట్టింది.

మరి పశ్చిమ ఆఫ్రికాలో దాదాపు అందరి ఎర్రకణాలపైనా ఆ గుమ్మం ఎందుకు లేదు? జన్యువు చెడిందనుకుంటాం. చెడలేదు. 1995లో తూర్నమీల్ బృందం పారిస్‌లో చూస్తే, జన్యువు ముందున్న జి-ఎ-టి-ఎ కాస్తా జి-జి-టి-ఎ అయింది. ఒక్క అక్షరం! లస్కరు వచ్చాడు, చెయ్యి వేసే చోటు లేదు. 2024 ఆగస్టులో తుంగభద్ర డ్యాం పంతొమ్మిదో గేటు కొట్టుకుపోతే నీళ్లు ఆగలేదు. ఇక్కడ గేటు చెడితే మూసుకునే ఉండిపోయింది.

నాకు ఆశ్చర్యం వేసేది ఇంకొకటి. అదే మనుషుల చిన్న సిరల గోడల్లో డఫీ నిక్షేపంగా ఉంది. అక్కడ దాన్ని తెరిచేది గాటా-1 కాదు, వేరే లస్కర్లు.

2010లో మడగాస్కర్‌లో డఫీ లేనివాళ్లకీ వైవాక్స్ సోకినట్టు కనిపించింది. క్రిమి దొడ్డిదారి చూసుకున్నట్టుంది.