కత్తి కన్నా ముందు కంచం మారాలి

బరువు తగ్గించే ఆపరేషన్‌కు ముందూ తర్వాతా అన్నం తగ్గించాలి. ఎంత, ఎందుకు, ఎన్నాళ్లు? ఆ లెక్క చెప్పేది డైటీషియన్. పాలమూరు, నల్లగొండ విద్యార్థులకు ఈ కొలువులో ఓ అదనపు బలం ఉంది.

హైదరాబాద్‌లోని ఓ ఆస్పత్రి అనుకోండి. అచ్చంపేట దిక్కు నుంచి వచ్చిన నలభై ఏళ్ల మనిషికి మరో రెండు వారాల్లో బరువు తగ్గించే ఆపరేషన్ ఉంది. చేతిలో డైట్ షీట్ పెట్టారు. అందులో ఓట్స్, బ్రకోలీ, క్వినోవా అని రాసుంది. పక్కనున్న తల్లి అడిగింది: "గివన్నీ మా దిక్కు యాడ దొరుకుతయ్ బిడ్డా? అన్నం తినొద్దంటే మరేం తినాలె? గటక తాగొచ్చా?"

ఈ ప్రశ్నకు ఆమెకు అర్థమయ్యేలా, తప్పు లేకుండా జవాబు చెప్పగలరా? చెప్పగలిగితే మీకు తగిన ఉద్యోగం ఒకటి ఉంది. దాని పేరు క్లినికల్ డైటీషియన్. ఆపరేషన్ చేసేది సర్జనే అయినా, దానికి ముందు రెండు వారాలు, తర్వాత జీవితాంతం రోగి కంచాన్ని చూసుకునేది డైటీషియనే.

ఎవరికి, ఏ ఆపరేషన్?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం తెలంగాణలో దాదాపు 30 శాతం మహిళలు, 32 శాతం పురుషులు అధిక బరువు లేదా ఊబకాయంతో ఉన్నారు. వీళ్లందరికీ ఆపరేషన్ అక్కర్లేదు. ఎవరికి అవసరమో తేల్చడానికి తొలి కొలత బీఎంఐ. బరువును కిలోల్లో, ఎత్తును మీటర్లలో తీసుకుని, బరువును ఎత్తు వర్గంతో భాగించాలి. 165 సెంటీమీటర్ల ఎత్తు, 100 కిలోల బరువున్న మనిషి బీఎంఐ 36.7. 2022లో సవరించిన అంతర్జాతీయ మార్గదర్శకాలు 35, ఆపై బీఎంఐ ఉన్నవారికి ఆపరేషన్‌ను సిఫార్సు చేస్తాయి. ఆసియా వాసులకు తక్కువ బరువులోనే షుగర్, బీపీ వస్తున్నందున, వారికి 27.5 నుంచే ఆపరేషన్‌ను ఒక మార్గంగా సూచించవచ్చని చెప్పాయి.

ఎక్కువగా చేసేవి రెండు. స్లీవ్ గ్యాస్ట్రెక్టమీలో జీర్ణాశయంలో 75 నుంచి 80 శాతం కోసి తీసేసి, మిగిలినదాన్ని సన్నని గొట్టంలా ఉంచుతారు. గ్యాస్ట్రిక్ బైపాస్‌లో పైభాగాన చిన్న సంచి మాత్రం వదిలి, దాన్ని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. రెండింటిలోనూ తినగలిగే పరిమాణం బాగా పడిపోతుంది.

ముందు రెండు వారాలు: కాలేయం కోసం

"ఎట్లాగూ ఆపరేషన్ చేస్తరు కదా, ఇప్పుడే కడుపు మాడ్చుకునుడు ఎందుకు?" చాలామంది రోగులు అడిగే మాట ఇది. జవాబు కాలేయంలో ఉంది.

కాలేయం ఎడమ భాగం జీర్ణాశయం మీదికి వాలి ఉంటుంది. చిన్న రంధ్రాల ద్వారా ఆపరేషన్ చేసేటప్పుడు సర్జన్ ముందుగా దాన్ని పైకి ఎత్తిపట్టాలి. ఊబకాయం ఉన్నవారిలో కాలేయం కొవ్వు పట్టి పెద్దదై ఉంటుంది. ఎత్తబోతే చిట్లి రక్తం కారొచ్చు. వెనకున్న జీర్ణాశయం సరిగా కనిపించకపోవచ్చు. ఒక్కోసారి పొట్టను పెద్దగా కోయాల్సి వస్తుంది, లేదంటే ఆపరేషన్ వాయిదా పడుతుంది.

మనం తిన్న పిండి పదార్థాల్లో కొంత కాలేయంలో గ్లైకోజెన్‌గా నిల్వ ఉంటుంది. ప్రతి గ్రాము గ్లైకోజెన్ దాదాపు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. పిండి పదార్థాలు తగ్గిస్తే ఆ నిల్వ, దాంతో నీరు, ఆపై కొవ్వు తగ్గి కాలేయం కుంచించుకుపోతుంది. అందుకే ఆపరేషన్‌కు ముందు కనీసం రెండు వారాలు, రోజుకు 800 నుంచి 1200 కిలో క్యాలరీల ఆహారం ఇస్తారు. పిండి పదార్థాలు సుమారు 100 గ్రాములకు మించనివ్వరు.

ఇక్కడ డైటీషియన్ మరిచిపోకూడనిది ఒకటుంది. రోగికి షుగర్ ఉండి ఇన్సులిన్ గానీ, చక్కెరను దించే మాత్రలు గానీ వాడుతుంటే, అన్నం తగ్గించిన రోజు నుంచే డోసు మారాలి. లేకపోతే చక్కెర బాగా పడిపోయి స్పృహ తప్పొచ్చు. డోసు మార్చేది డాక్టరే. కానీ "ఈ రోజు నుంచి డైట్ మొదలైంది" అని ఆ డాక్టర్‌కు చెప్పే బాధ్యత మీది. పోలీసు ఈవెంట్స్ కోసమో, పెళ్లి కోసమో బరువు తగ్గాలని ఇదే డైట్‌ను సొంతంగా పట్టే స్నేహితులుంటే వారించండి. ఇది వైద్యుల పర్యవేక్షణలో కొద్ది రోజులు మాత్రమే పాటించేది.

మన కంచం లెక్క

ఈ 100 గ్రాములు మన ఊళ్లలో ఎంతో చూద్దాం. 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో మొదలైన సన్నబియ్యం పథకం కింద ఒక్కొక్కరికి నెలకు 6 కిలోల బియ్యం ఇస్తున్నారు. అంటే రోజుకు 200 గ్రాములు. జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టిక ప్రకారం 100 గ్రాముల తెల్ల బియ్యంలో దాదాపు 78 గ్రాముల పిండి పదార్థాలు, 8 గ్రాముల ప్రొటీన్ ఉంటాయి. 200 గ్రాములంటే 156 గ్రాముల పిండి పదార్థాలు. రేషన్ బియ్యం ఒక్కటే పరిమితిని దాటేసింది. పొద్దున చాయ్‌లో చక్కెర, సాయంత్రం మిర్చి బజ్జీ లెక్కలోకే రాలేదు.

ఈ ప్రాంతం ఎప్పుడూ ఇంత అన్నం తిన్నది కాదు. పాలమూరు, నల్లగొండ మెట్ట నేలల్లో జొన్న, సజ్జ, కొర్ర పండేవి. 1967లో నాగార్జునసాగర్ కాల్వలకు నీళ్లు వదిలాక మిర్యాలగూడ దిక్కు వరి పెరిగింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక మెట్ట ఊళ్లలోనూ అన్నమే ప్రధానమైంది. ఒకప్పుడు పండుగకు వండుకున్న తెల్లన్నం మూడు పూటల తిండైంది. అన్నం పెట్టకపోవడం అంటే అవమానించడమని అనుకునే ఇంట్లో "అన్నం తగ్గించండి" అని చెప్పడం తేలిక కాదు.

మరి ఆ తల్లి అడిగిన గటక? "జొన్నల్లో కార్బ్స్ ఉండవు" అని చెప్పే డైటీషియన్ ఇంటర్వ్యూలోనే తప్పుతారు. 100 గ్రాముల జొన్నల్లో దాదాపు 68 గ్రాముల పిండి పదార్థాలు ఉన్నాయి. తేడా పీచులో ఉంది: జొన్నల్లో 10 గ్రాములు, తెల్ల బియ్యంలో 3 గ్రాముల లోపు. 50 గ్రాముల పిండితో చేసిన ఒక్క రొట్టెలోనే 34 గ్రాముల పిండి పదార్థాలు వచ్చేస్తాయి. అలాంటివి మూడు తింటే ఆ రోజుకు కోటా అయిపోయినట్టే. కాబట్టి జవాబు: "తాగొచ్చమ్మా. కానీ డాక్టర్ లిక్విడ్ డైట్ రాయకపోతేనే. పిండి కొలిచి వేయాలె, చెంబుతో కాదు."

జొన్నను మరీ ఆకాశానికెత్తడమూ సరికాదు. దక్కన్‌లో జొన్న తప్ప వేరే తిండి లేని పేదల్లో పెలాగ్రా జబ్బు కనిపించింది. జొన్నలోని లూసిన్‌కు దీంతో సంబంధం ఉందని 1960లో సి.గోపాలన్, ఎస్.జి.శ్రీకాంతయ్య చెప్పారు. ఏ ధాన్యమైనా పక్కన పప్పు, గుడ్డు, కూర ఉండాల్సిందే. 2024లో వచ్చిన ఐసీఎంఆర్-ఎన్‌ఐఎన్ మార్గదర్శకాలు ఆరోగ్యవంతులకు కూడా మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటొద్దని చెప్పింది అందుకే.

తర్వాత: గుక్క గుక్కగా

ఆపరేషన్ అయిన మొదటి రోజుల్లో నీళ్లు, వడకట్టిన చారు, పప్పు కట్టు వంటి తేట ద్రవాలు. తర్వాత దాదాపు రెండు వారాలు పాలు, మజ్జిగ, ప్రొటీన్ పొడి. ఆపై మెత్తగా నలిపిన పప్పు, గుడ్డు, పెరుగు. ఆరు నుంచి ఎనిమిది వారాలకు మామూలు తిండి, అదీ కొద్దికొద్దిగా. ఆస్పత్రిని బట్టి ఈ గడువులు మారతాయి. తింటూ నీళ్లు తాగకూడదు. దాదాపు అరగంట ఎడం ఉండాలి.

ఇప్పుడు అసలు చిక్కు. రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ కావాలి. రెండు గుడ్లలో 12-13 గ్రాములు, 30 గ్రాముల కందిపప్పులో 6, 300 మిల్లీలీటర్ల పాలలో 9-10, వంద గ్రాముల చికెన్‌లో 20 వరకు. అన్నీ కలిపినా 50 దాటవు. జీర్ణాశయంలో ఉన్న కొద్ది చోటునూ అన్నం ఆక్రమిస్తే ప్రొటీన్‌కు జాగా ఉండదు. కండ కరుగుతుంది, జుట్టు రాలుతుంది. "ముందు గుడ్డు, తర్వాత కూర, చోటుంటే అన్నం" అనేది అందుకే. ఐరన్, బీ12, క్యాల్షియం, విటమిన్-డి మాత్రలు జీవితాంతం వాడాలి.

తీపి తింటే ఇంకో తంటా. ముఖ్యంగా బైపాస్ అయినవారిలో లడ్డూ, జ్యూస్, కూల్‌డ్రింక్ వేగంగా పేగులోకి జారిపోతాయి. అరగంటలోపే గుండె దడ, చెమట, కడుపులో మెలి, విరేచనాలు. దీన్ని డంపింగ్ సిండ్రోమ్ అంటారు. కొందరిలో ఒకటి నుంచి మూడు గంటల తర్వాత ఇన్సులిన్ ఎక్కువగా విడుదలై చక్కెర పడిపోతుంది. అప్పుడు కళ్లు తిరుగుతున్నాయని మళ్లీ తీపి తింటే అదే చక్రం మొదలవుతుంది.

దావత్‌లు, కల్లు సంగతి కూడా అడిగి తెలుసుకోవాలి. ఆపరేషన్ తర్వాత మద్యం త్వరగా రక్తంలో కలుస్తుంది, మత్తు తొందరగా ఎక్కుతుంది. కొందరికి అలవాటు పెరుగుతుంది. "కల్లు మందు కాదు కదా" అనే ఊళ్లో ఈ మాట విడమరిచి చెప్పాలి.

గ్లూకోజ్ బాటిల్ ప్రమాదం

అన్నింటికన్నా గట్టిగా చెప్పాల్సింది వాంతుల గురించి. ఆపరేషన్ అయ్యాక ఊరెళ్లిన రోగికి రోజుల తరబడి వాంతులు అవుతున్నాయి. నీరసం. ఇంట్లోవాళ్లు ఏం చేస్తారు? దగ్గర్లోని ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తారు. శరీరంలో విటమిన్ బీ1, అంటే థయమిన్, నిల్వ రెండు మూడు వారాలకే సరిపోతుంది. అది అడుగంటిన స్థితిలో థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే పరిస్థితి ఇంకా విషమిస్తుంది. కాళ్ల తిమ్మిర్లు, నడక తూలడం, ఒకటి రెండుగా కనిపించడం, తికమక మాటలు దీని గుర్తులు. ఆలస్యమైతే మెదడు శాశ్వతంగా దెబ్బతినొచ్చు.

బీ1 లోపంతో వచ్చే జబ్బు బెరిబెరి. పాలిష్ బియ్యం మీదే బతికేవారిలో కనిపించిన ఈ జబ్బును పరిశోధించడానికే 1918లో కూనూర్‌లో రాబర్ట్ మెక్‌కారిసన్ ఓ చిన్న విభాగం ప్రారంభించారు. అది 1958లో హైదరాబాద్‌కు మారి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. వందేళ్ల కిందటి జబ్బు ఇప్పుడు ఆపరేషన్ తర్వాత మళ్లీ ఎదురవుతోంది. డిశ్చార్జి రోజున "వాంతులు ఆగకపోతే గ్లూకోజ్ కాదు, ముందు మాకు ఫోన్" అని డైటీషియన్ తెలుగులో రాసిచ్చే ఒక్క చీటీ ఒక మనిషిని కాపాడొచ్చు.

ఏం చదవాలి?

ఇంటర్‌లో బైపీసీ చదివినవారికి దారి సులువు. డిగ్రీలో న్యూట్రిషన్, డైటెటిక్స్, హోంసైన్స్ లేదా కమ్యూనిటీ సైన్స్ తీసుకోవచ్చు. సైఫాబాద్‌లో జయశంకర్ వ్యవసాయ వర్సిటీ కమ్యూనిటీ సైన్స్ కళాశాల ఉంది. పీజీకి తార్నాకలోని ఎన్‌ఐఎన్‌లో అప్లైడ్ న్యూట్రిషన్, స్పోర్ట్స్ న్యూట్రిషన్ ఎమ్మెస్సీలు ఉన్నాయి. ప్రవేశం ఎన్‌ఐఎన్‌సెట్ ద్వారా. పీజీ లేదా పీజీ డిప్లొమా, ఆస్పత్రిలో ఇంటర్న్‌షిప్ పూర్తయ్యాక ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ నిర్వహించే రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్ష రాయొచ్చు. కార్పొరేట్ ఆస్పత్రుల్లో ఈ గుర్తింపుకు విలువ ఎక్కువ.

ఒక జాగ్రత్త. అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం-2021 పరిధిలోకి డైటీషియన్లూ వస్తారు. ఈ చట్టం కింది కోర్సులను, అందులో ఫుడ్ అండ్ న్యూట్రిషన్, క్లినికల్ న్యూట్రిషన్ కోర్సులను కూడా, 2025 జులై-ఆగస్టు నుంచి దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపొద్దని యూజీసీ ఆదేశించింది. "ఇంట్లోంచే డైటీషియన్ డిగ్రీ" ప్రకటనలు చూసి ఫీజు కట్టకండి.

ప్రభుత్వ కొలువులూ ఉన్నాయి. 2022లో టీఎస్‌పీఎస్సీ మహిళా శిశు సంక్షేమ శాఖలో 181 గ్రేడ్-1 సూపర్‌వైజర్ పోస్టులకు ప్రకటన ఇచ్చినప్పుడు హోంసైన్స్, ఫుడ్ అండ్ న్యూట్రిషన్ డిగ్రీలకూ అర్హత కల్పించింది. మన ప్రాంతంలోనూ వైద్య కేంద్రాలు పెరిగాయి. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. అదే ఏడాది బీబీనగర్ ఎయిమ్స్‌లో తరగతులు మొదలయ్యాయి.

ఇంటర్వ్యూకు ఇలా సిద్ధమవ్వండి

• ఆపరేషన్‌కు ముందు కార్బ్స్ ఎందుకు తగ్గిస్తారు? బరువు కోసం అని ఆపకండి. కాలేయం, గ్లైకోజెన్, నీరు వరుసగా చెప్పండి.

• శాకాహారి రోగికి 60 గ్రాముల ప్రొటీన్ ఎలా ఇస్తారు? పప్పు, పాలు, పెరుగు, పనీర్, సోయా, ప్రొటీన్ పొడితో కాగితంపై లెక్క వేసి చూపండి.

• రోగి మీ డైట్ పాటించకపోతే? "మందలిస్తాను" అనకండి. ఇంట్లో వండేదెవరు, కూలికి పోతే మధ్యాహ్నం ఏం తింటారు అని అడుగుతానని చెప్పండి.

ఈ సెలవుల్లో ఓ పని చేయండి. మీ ఇంట్లో ఒక రోజు వండిన బియ్యం, పిండి, పప్పు, నూనె తూకం వేసి రాసుకోండి. తలసరి పిండి పదార్థాలు, ప్రొటీన్ లెక్కగట్టండి. ఆ కాగితం ఇంటర్వ్యూకి తీసుకెళ్లండి. సర్వపిండి ఎంత మందం కొడతారో, ఉపాధి పనికి పోయేవాళ్ల సద్దిలో ఏముంటుందో పుస్తకాల్లో ఉండదు. అది మీకు తెలుసు. దానికి చదువు తోడైతే, ఆ తల్లి అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పే కుర్చీలో మీరే కూర్చోవచ్చు.