చెక్క నేలకు కలప: పేరు కాదు, చేవ చూడాలి

చంద్లాపూర్ (సిద్దిపేట జిల్లా): తెలంగాణ పల్లెల్లో ఇంటి నేల అంటే తాండూరు నాపరాయి, షాబాదు బండ, లేదంటే సిమెంటు గచ్చు. కలప వాడకం దర్వాజలకు, కిటికీలకు, పాత మిద్దెల్లో దూలాలకు, పై అంతస్తు పలకలకు పరిమితమై ఉండేది. ఇప్పుడు కొత్తగా ఇల్లు కట్టుకొనే వారిలో కొందరు పడక గదికైనా చెక్క నేల వేయించాలని ఉత్సాహపడుతున్నారు. చిన్నకోడూరు మండలంలోని చంద్లాపూర్ వంటి ఊళ్లో ఈ పని తలపెట్టేవారు కలప ధర ఒక్కటే విచారించి బేరం కుదుర్చుకుంటే నష్టపోయే ప్రమాదమున్నది.

దర్వాజకు వాడిన కలప కొద్దిగా ఉబ్బితే వడ్రంగి చిత్రిక పట్టి సరిచేస్తాడు. నేలకు పరచిన చెక్క ఉబ్బితే గది మొత్తం ఊడదీయవలసి వస్తుంది. కలప ధర, కూలి, పాలిష్ ఖర్చు అన్నీ ఒక్క వానాకాలంలో వృథా కావచ్చు. అందువల్ల నేల కలప కొనేవారు పేరు కంటే మూడు విషయాలు ముందుగా చూసుకోవాలి. అవి చేవ, తడి, కొలత.

సరకు ఎక్కడిది?

ఈ ప్రాంతపు అడితీల్లో మొదట వినిపించే పేరు టేకు. ఆదిలాబాదు అడవుల టేకుకు, మహారాష్ట్రలోని చంద్రాపూర్ జిల్లా బల్లార్షా డిపోలలో వేలం వేసే టేకుకు పాత పేరున్నది. ఈ రెండో రకాన్ని పూర్వపు సెంట్రల్ ప్రావిన్సెస్ పేరు మీద వర్తకులు సి.పి. టేకు అంటారు. అయోధ్య రామాలయం తలుపులకు 2023లో టేకు వెళ్లింది చంద్రాపూర్ జిల్లా నుంచే.

అయితే సహజారణ్యాల కలప రాక పూర్వం వలె లేదు. అడవుల్లో చెట్ల నరికివేతపై 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు కట్టుదిట్టమైన ఆంక్షలు విధించింది. మేలు రకంగా పేరొందిన బర్మా టేకు దుంగల ఎగుమతిని మియన్మార్ ప్రభుత్వం 2014 ఏప్రిల్ 1 నుంచి నిషేధించింది. ఈ లోటును ఘనా, నైజీరియా వంటి ఆఫ్రికా దేశాల్లో, ఈక్వడార్, పనామా, కోస్టారికా వంటి అమెరికా ఖండపు దేశాల్లో తోటలుగా పెంచిన టేకు కొంతవరకు పూడుస్తున్నది. రైతులు పొలం గట్ల మీద పెంచిన టేకు కూడా మార్కెట్‌కు వస్తున్నది.

తోట టేకు నాసి అనడానికి లేదు. ముదురు చెట్టు కలప అయితే అది కూడా నిలుస్తుంది. చిన్న వయసులోనే కొట్టిన చెట్టులో చేవ తక్కువ, తెల్లచెక్క ఎక్కువ. ఒకే అడితీలో, ఒకే పేరుతో ఈ రెండూ ఉంటాయి.

చేవ ఎంత?

దుంగ కోత ముఖం మీద నడుమ బంగారు గోధుమ రంగులో కనిపించేది చేవ. దాని చుట్టూ పాలిపోయిన పసుపు రంగులో ఉండే పొర తెల్లచెక్క. టేకుకు చెదలను తట్టుకొనే గుణం ఉన్నదంటే అది చేవకు మాత్రమే వర్తిస్తుంది. తెల్లచెక్కను పురుగు, చెద రెండూ తింటాయి.

రంగు పూసిన పలకలో ఈ తేడా బయటికి కనిపించదు. కనుక పాలిష్ చేయని సరకునే చూపించమని అడగాలి. ఒక మూల చిత్రిక పట్టించి, రెండు కొసలూ పరిశీలించాలి. కొత్తగా కోసిన టేకు చేవకు తోలు వాసనను పోలిన వాసన ఉంటుంది. చేతికి కొద్దిగా జిడ్డు తగులుతుంది. సూది మొనంత రంధ్రాలు, వాటి నుంచి రాలే పిండి కనబడితే ఆ పలకను పక్కన పెట్టాలి. చిన్న గట్టి ముడులు నేలకు హాని చేయవు. ఊడిపోయేలా ఉన్న నల్ల ముడులు, కొస నుంచి లోపలికి పాకిన పగుళ్లు పనికిరావు.

చేవను లెక్కలోకి తీసుకుంటే చౌక సరకు చౌక కాకపోవచ్చు. ఉదాహరణకు ఘనపుటడుగు రూ. 4,000 చొప్పున కొన్న సరకులో నాలుగో వంతు తెల్లచెక్క అయి తీసివేయవలసి వచ్చిందనుకుందాం. పనికి వచ్చిన కలప అడుగు రూ. 5,333 పడినట్లు. పక్క అడితీలో అంతా చేవగా ఏరిన సరకు రూ. 5,000కు ఇస్తే అదే చౌక. ఈ ధరలు లెక్క కోసం తీసుకున్నవే. ఆనాటి ధర ఏదైనా లెక్క తీరు మారదు.

గట్టి కలప అన్న మాట

ఇంగ్లీషులో హార్డ్‌వుడ్ అనే మాట వెడల్పాటి ఆకులు గల చెట్ల కలపకు పెట్టిన పేరు. అది గట్టిదనానికి హామీ కాదు. రబ్బరు చెట్టు కలప కూడా ఈ జాబితాలోనిదే. మందు పట్టించకుంటే దానికి తొందరగా పురుగు పడుతుంది. టేకు మరీ గట్టి కలప ఏమీ కాదు. అమెరికాలో నేలలకు విరివిగా వాడే రెడ్ ఓక్ కంటే ఇది కొంత మెత్తన. నల్లమద్ది టేకు కంటే గట్టిది, కాని సరిగా ఆరబెట్టకపోతే పగులుతుంది, మెలి తిరుగుతుంది. తేమ మారినప్పుడు టేకు ఇతర కలపల కంటే తక్కువగా కదులుతుంది. నేలకు దానిని మేలుగా ఎంచడానికి ఈ నిలకడే ప్రధాన కారణం.

తడి తెచ్చే నష్టం

కలపలో తడి సుమారు 28 శాతం కంటే తగ్గడం మొదలైనప్పటి నుంచి అది ముడుచుకుంటుంది. పచ్చి కలపను నేలకు పరిస్తే ఆ ముడుచుకోవడం ఇంట్లోనే జరుగుతుంది. భారతీయ ప్రమాణాల సంస్థ ఐ.ఎస్. 287 ప్రమాణంలో దేశాన్ని వాతావరణం ప్రకారం మండలాలుగా విభజించి, ఏ పనికి ఎంత తడి ఉండవచ్చో నిర్ణయించింది. నేల పట్టీలకు ప్రాంతాన్ని బట్టి 8 నుంచి 12 శాతం వరకు ఉండవచ్చు.

ఈ శాతాల తేడా ఎంత పని చేస్తుందో చూడవచ్చు. 5 అంగుళాల వెడల్పు గల సాధారణ కోత టేకు పలక 18 శాతం తడి నుంచి 10 శాతానికి ఆరితే వెడల్పులో సుమారు 2 మిల్లీమీటర్లు తగ్గుతుంది. పది అడుగుల గదికి అటువంటి పలకలు 24 పడతాయి. అన్నీ కలిపి దాదాపు 2 అంగుళాల మేర సందులు తెరుచుకుంటాయి. ఎండాకాలంలో ఆ సందుల్లో దుమ్ము చేరి, వానాకాలంలో పలకలు మళ్లీ ఉబ్బుతాయి.

తడి కొలిచే మీటరు పెద్ద అడితీల్లో ఉంటుంది. ఒక్క పలక మీద పెట్టి చూపితే చాలదు. కట్ట నడుమ నుంచి నాలుగైదు పలకలు తీయించి, కొస కోసి, లోపలి చెక్క మీద చూడాలి. మీటరు లేని చోట తూకం ఉపకరిస్తుంది. నమూనా పలకలు రెండు తెచ్చి, తూచి, బరువు వాటి మీదనే రాసి, నేల వేయబోయే గదిలో నీడన రెండు వారాలు ఉంచి మళ్లీ తూచాలి. బరువు గమనించదగినంత తగ్గితే సరకు ఇంకా ఆరలేదని అర్థం.

కోత తీరు కూడా ముఖ్యమే. పలక కొసన వలయాల గీతలు పై ముఖానికి నిలువుగా ఉంటే ఆ పలక వెడల్పులో కదలిక దాదాపు సగం తగ్గుతుంది. గీతలు అడ్డంగా, విల్లులా ఉంటే కదలిక ఎక్కువ. నిలువు గీతల పలకలకు ధర ఎక్కువ ఉంటుంది. చెక్క నేలకు ఆ అదనపు ధర పెట్టడం దండుగ కాదు.

కొలతలో తేడా

దుంగను కొలిచే పాత పద్ధతిలో చుట్టుకొలతను నాలుగుతో భాగించి, వచ్చిన దానిని దానితోనే గుణించి, పొడవుతో హెచ్చవేస్తారు. 48 అంగుళాల చుట్టు, 10 అడుగుల పొడవు గల దుంగ ఈ లెక్కన 10 ఘనపుటడుగులు. అసలు గుండ్రని ఘనపరిమాణం 12.73 అడుగులు. బెరడు, కోత నష్టాలకు వదిలిన తరుగు ఇది. అయినా ఆ దుంగ నుంచి 6 అడుగుల పలకలే వస్తే, దుంగ ధరను 10కి బదులు 6తో భాగించి, కోత కూలి కలిపితేనే పలక అసలు ధర తెలుస్తుంది.

కోసిన పలకకు లెక్క సులభం. వెడల్పు, మందం అంగుళాల్లో, పొడవు అడుగుల్లో తీసుకొని మూడింటినీ గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి. 12 అడుగులు, 10 అడుగులు గల గది 120 చదరపు అడుగులు. ముప్పావు అంగుళం మందానికి 7.5 ఘనపుటడుగులు, పదో వంతు తరుగు కలిపితే 8.25 కావాలి. అయితే ముప్పావు అంగుళం పలక తయారయ్యేది ఒక అంగుళం ముడి పలకను చిత్రిక పట్టగా. ముడి మందం మీద లెక్క కడితే 11 ఘనపుటడుగులు అవుతుంది. అడుగు రూ. 4,000 అనుకుంటే ఒక చిన్న గదికే రూ. 11,000 తేడా. ఏ మందం మీద ధర చెబుతున్నారో ముందే తేల్చుకోవాలి. ఒక పలక అంచు మరో పలక గాడిలోకి దూరే రకంలో, ఆ అంచు వెడల్పు నేలను కప్పదన్న సంగతీ గుర్తుంచుకోవాలి.

దుకాణాల్లో మూడు రకాలు

వుడెన్ ఫ్లోరింగ్ అన్న ఒకే పేరుతో మూడు వేర్వేరు సరకులు అమ్ముడవుతున్నాయి. మొదటిది పూర్తి కలప పలక. అరిగినప్పుడు పలుమార్లు గీకి పాలిష్ చేసుకోవచ్చు. రెండోది ఇంజనీర్డ్ రకం. అడుగున ప్లైవుడ్ పొరలు, పైన అసలు కలప పొర ఉంటాయి. తేమకు ఇది తక్కువ కదులుతుంది. కాని పై పొర 3, 4 మిల్లీమీటర్లు ఉంటేనే తిరిగి గీకడానికి వీలు. ఒక మిల్లీమీటరు కంటే పలుచగా ఉంటే అరిగిన తరువాత మార్చుకోవడం తప్ప దారి లేదు. మూడోది లామినేట్. ఇది చెక్కపీచు అట్ట మీద కలప బొమ్మ అచ్చువేసిన కాగితం. ధర తక్కువ, గీతలు త్వరగా పడవు. అతుకుల్లోకి నీరు దిగితే చాలా రకాలు ఉబ్బుతాయి. ఏ రకమూ మోసం కాదు. ఒకదాని ధర పెట్టి మరొకటి తెచ్చుకోవడమే నష్టం.

ఊరిని బట్టి, ఇంటిని బట్టి

చంద్లాపూర్ వద్దనే 3 టి.ఎం.సి.ల రంగనాయక సాగర్ జలాశయం ఉన్నది. దీనిని 2020 ఏప్రిల్ 24న ప్రారంభించారు. నీటి వసతి పెరిగిన ఏ ఊళ్లోనైనా కింది అంతస్తు నేలలో నెమ్ము సంగతి చూడకుండా చెక్క పరచరాదు. గచ్చు మీద ఒకటిన్నర అడుగుల ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు పక్కలా టేపుతో అతికించి మరునాటి వరకు ఉంచితే పరీక్ష అయిపోతుంది. కాగితం అడుగున చెమ్మ పట్టినా, గచ్చు రంగు మారినా ఆ నేల ఇంకా సిద్ధం కాలేదు. చెదల నివారణకు పునాది దశలోనే మందు కొట్టించాలి. దాని పద్ధతి ఐ.ఎస్. 6313లో ఉన్నది. చెక్క దిమ్మెల నేల పరచడానికి ఐ.ఎస్. 5389 నియమావళి 1969 నుంచి ఉన్నది.

ఇక ఇంటి అలవాట్లు. ముందు గది, వంటిల్లు బకెట్లతో నీళ్లు పోసి కడిగే ఇంట్లో అక్కడ బండే తగినది. పై అంతస్తు పడక గది చెక్కకు అనుకూలం. అడుగు నుంచి నెమ్ము రాదు, కడగడమూ తక్కువ. డబ్బు పరిమితంగా ఉన్నవారు ఇల్లంతా లామినేట్ పరచడం కంటే ఒక్క గదికి మంచి చేవ టేకు వేసి, మిగతా ఇంటికి నాపరాయి వేయించుకోవడం లాభదాయకం.

సరకు ఇంటికి చేరిన వెంటనే పరచరాదు. గోడల సున్నం, గచ్చు పూర్తిగా ఆరిన తరువాత, అదే గదిలో పలకల మధ్య సన్నని పుల్లలు పెట్టి రెండు వారాలైనా పేర్చి ఉంచాలి. మే నెల ఎండల్లో గోడలకు ఆనించి బిగించిన నేల ఆగస్టులో ఉబ్బి లేస్తుంది. గోడ పొడవునా 10 నుంచి 12 మిల్లీమీటర్ల సందు వదిలి, దానిని అంచు పట్టీతో కప్పడం ఆనవాయితీ.

కాగితాలు తప్పనిసరి

టేకు రవాణా అటవీ శాఖ నియంత్రణలో ఉన్నది. సొంత పొలంలోని టేకు చెట్టు కొట్టి కోయించుకోవాలన్నా ముందు ఆ శాఖ అనుమతి తీసుకోవాలి. అనుమతి పత్రం లేని కలపను దారిలో పట్టుకుంటే సరకు, బండి రెండూ పోతాయి. రశీదు లేకుండా చవకగా ఇస్తామనే బేరానికి ఒప్పుకుంటే ఆ నష్టం కొన్నవారి మీద కూడా పడుతుంది.

బయానా ఇచ్చే ముందు రశీదు మీద కలప రకం, తెల్లచెక్క ఎంతవరకు ఉండవచ్చునన్నది, తడి శాతం, తయారైన మందం, ఘనపుటడుగులు, ధరలో జి.ఎస్.టి. చేరినదీ లేనిదీ రాయించుకోవాలి. తడి శాతం మించితే సరకు వాపసు తీసుకుంటామన్న మాట కూడా అందులో ఉండాలి. ఈ వివరాలు రాయడానికి వెనుకాడే చోట ధర ఎంత తక్కువ చెప్పినా మరో అడితీ చూసుకోవడమే మేలు.