ఇరవైరెండు మిల్లీమీటర్ల రేడియో

గేమింగ్ ల్యాప్‌టాప్ కొనేటప్పుడు ప్రాసెసర్ అడుగుతాం, గ్రాఫిక్స్ కార్డు అడుగుతాం. వైఫై కార్డు ఊసెత్తం. ఆట మంచి పట్టులో ఉండగా పింగ్ ఎగబాకినప్పుడే అది గుర్తొస్తుంది. బళ్లారి సత్యనారాయణపేటలో ఒక మేడ ఇల్లు అనుకుందాం. కింద హాల్లో రౌటరు, పైగదిలో ఆట, నడుమ ఉక్కు చువ్వల స్లాబు. తోరణగల్లులో ఉక్కు కాచే జిల్లా ఇది. ఆ ఉక్కే స్లాబులో చేరి రేడియో తరంగాలకు అడ్డుపడుతుంది.

ఈ కార్డు మూలాలు దుకాణాల్లో ఉన్నాయి. 1985లో అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ, మైక్రోవేవ్ ఓవెన్లు వాడే 2.4 గిగాహెర్ట్జ్‌తో సహా మూడు పట్టీలను లైసెన్సు లేని రేడియో సంకేతాలకు వదిలింది. క్యాష్ కౌంటర్లను తీగలు లేకుండా కలపాలనుకున్న ఎన్‌సీఆర్ కంపెనీ నెదర్లాండ్స్ ఇంజినీర్లు వేవ్‌ల్యాన్ అనే రేడియో వ్యవస్థ తయారు చేశారు. వాళ్లలో ఒకరైన విక్ హేస్ అధ్యక్షతన వైఫైకి పునాది అయిన ఐఈఈఈ 802.11 ప్రమాణం 1997లో వెలువడింది. వేగం సెకనుకు 2 మెగాబిట్లు. 1999కి 11 అయింది. అప్పటి కార్డు ఏటీఎం కార్డంత ఉండేది.

గదిలో తరంగం గోడకూ బీరువాకూ తగిలి, వేర్వేరు క్షణాల్లో వచ్చి, తన మీద తానే పడి చెదిరిపోతుంది. దీనికి ఒక మంచి విరుగుడు ఆస్ట్రేలియాలో దొరికింది. సీఎస్‌ఐఆర్‌ఓలో రేడియో ఖగోళ శాస్త్రం నుంచి వచ్చిన జాన్ ఓసల్లివన్ బృందం ఒక వేగపు ప్రవాహాన్ని అనేక నిదానపు పాయలుగా చీల్చి పక్కపక్కనే పంపింది. ఒక్కో సంకేతం ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి ఆలస్యంగా వచ్చే ప్రతిధ్వని దాన్ని చెరపలేదు. 1996లో దీనికి అమెరికా పేటెంటు వచ్చింది. ఇక పట్టీల సంగతికొస్తే, మన దేశం 2.4 గిగాహెర్ట్జ్‌కు 2005లోనూ, 5 గిగాహెర్ట్జ్‌లో 605 మెగాహెర్ట్జ్ మేరకు 2018లోనూ లైసెన్సు మినహాయింపు ఇచ్చింది.

ఇప్పుడు ల్యాప్‌టాప్ అడుగు మూత తీయండి. 22 మిల్లీమీటర్ల వెడల్పు, 30 పొడవున్న చిన్న పలక ఒక్క స్క్రూతో బిగించి ఉంటుంది. దానికి నొక్కి తగిలించిన రెండు సన్నని తీగలు మడతబందుల గుండా తెర అంచుకు పోతాయి. యాంటెన్నాలు ఉండేది సాధారణంగా అక్కడే, కార్డు మార్చినా అవి మారవు. కొన్ని పలచని ల్యాప్‌టాప్‌లలో కార్డు బోర్డుకే అతికి ఉంటుంది, మార్చే వీల్లేదు.

కొనేముందు పేరులో చివరి అంకె చూడండి. ఇంటెల్ ఏఎక్స్210 పూర్తి కార్డు, ఏఎండీ ల్యాప్‌టాప్‌లోనూ నడుస్తుంది. ఏఎక్స్211 తన పనిలో కొంత ఇంటెల్ చిప్‌కు వదిలేస్తుంది. ఏఎండీలో పెడితే స్లాటులో కూర్చుంటుంది గానీ పనిచేయదు.

డబ్బా మీది గిగాబిట్లకు మురిసిపోవద్దు. ఆటకు కావలసిన డేటా కొంచెమే, అది వేళకు అందాలి. వాలరెంట్ అనే ఆట సర్వరు సెకనుకు 128 సార్లు ఆటను లెక్కగడుతుంది. అంటే ఒక్కో లెక్కకు 8 మిల్లీసెకన్లు కూడా లేవు. 5 గిగాహెర్ట్జ్ అందే గదిలో పాత కార్డు మార్చి కొత్తది పెడితే ఫలితం ఉంటుంది. స్లాబు అడ్డున్నచోట ముందు రౌటరును పైకి చేర్చండి. ల్యాన్ తీగ లాగే వీలుంటే మాత్రం ఏ కార్డుకన్నా అదే నికరం.