హైపర్ (మెయిన్‌ఫ్రేమ్ సవరణలు)

మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్ల సాఫ్ట్‌వేరులో బయటపడే లోపాలలో అత్యంత ప్రమాదకరమైన వాటికి తయారీ సంస్థలు వేసే గుర్తింపు ముద్రను హైపర్ అంటారు. "హై ఇంపాక్ట్ ఆర్ పర్వేసివ్" అనే ఆంగ్ల పదబంధానికి ఇది సంక్షిప్త రూపం. అనగా లోపం వలన కలిగే నష్టం పెద్దదైనా కావాలి, లేదా అది ఎక్కువమందికి తగిలేదైనా కావాలి. ఐ.బి.ఎం. సంస్థ తన జెడ్/ఓఎస్ నిర్వహణ వ్యవస్థకు ఈ పేరును వాడుతున్నది. బ్రాడ్‌కామ్ సంస్థ కూడా తన మెయిన్‌ఫ్రేమ్ ఉత్పత్తులకు ఇదే పేరును అనుసరిస్తున్నది.

ఈ రెండు షరతుల మధ్య భేదాన్ని కర్నూలు-కడప కాలువ (కె.సి. కాలువ) ఉదాహరణతో తెలుసుకొనవచ్చును. సుంకేసుల దిగువన గట్టుకు గండి పడితే కడప వరకు గల ఆయకట్టుకు నీరు అందదు. ఇది మొదటి రకం. ప్రతి తూము వద్ద కొద్దికొద్దిగా నీరు కారిపోతుంటే ఏ ఒక్క రైతుకూ పెద్ద నష్టం కనబడదు గాని, అందరికీ అంతో ఇంతో తగులుతుంది. ఇది రెండవ రకం.

లోపం నుండి సవరణ వరకు

వినియోగదారులు తెలిపిన సమస్య సాఫ్ట్‌వేరు లోపమేనని తేలినపుడు సంస్థ దానిపై ఏపార్ అనే నివేదికను తెరుస్తుంది. దాని పరిష్కారంగా వెలువడే సవరణ పేరు పి.టి.ఎఫ్., అనగా ప్రోగ్రామ్ టెంపరరీ ఫిక్స్. తరువాతి విడుదలలో మూల ప్రోగ్రామునే దిద్దుతారు కనుక దీనికి "తాత్కాలిక" అనే పేరు వచ్చినది.

సమస్యను తెలిపేటపుడు వినియోగదారుడు దాని తీవ్రతను 1 నుండి 4 వరకు గల అంకెలతో సూచిస్తాడు. 1 అనగా పని పూర్తిగా నిలిచిపోయినదని అర్థం. దీనినే హైపర్ అని పొరబడేవారు ఉన్నారు. ఆ అంకె ఒక కార్యాలయపు ఇబ్బందిని తెలుపుతుంది. అదే సాఫ్ట్‌వేరును వాడే మిగతా సంస్థలన్నిటికీ పొంచి ఉన్న ప్రమాదాన్ని అంచనా వేసి తయారీ సంస్థ హైపర్ ముద్ర వేస్తుంది.

వర్గాలు

హైపర్ లోపాలకు లక్షణాన్ని బట్టి మూడక్షరాల గుర్తులు ఉంటాయి. డి.ఎ.ఎల్. అనగా దత్తాంశ నష్టం, ఎఫ్.యు.ఎల్. అనగా ముఖ్యమైన పని ఆగిపోవుట, పి.ఆర్.ఎఫ్. అనగా వేగం మందగించుట, ఐ.పి.ఎల్. అనగా యంత్రాన్ని తిరిగి ప్రారంభించవలసి వచ్చుట, పి.ఆర్.వి. అనగా విస్తృత వ్యాప్తి. వీటిలో దత్తాంశ నష్టమే భయంకరమైనది. యంత్రం ఆగిపోతే ఆ క్షణమే తెలుస్తుంది. దత్తాంశం చెడితే కొన్ని వారాలపాటు ఎవరికీ తెలియకపోవచ్చును. ఆలోగా చెడిన దత్తాంశమే భద్రపరచిన ప్రతులలోకీ చేరుతుంది.

విడుదలైన సవరణలోనే తప్పు ఉన్నట్లు తేలితే దానికి పి.ఇ. అనే వేరొక ముద్ర వేస్తారు. భద్రతకు సంబంధించిన లోపాల వివరాలను ఐ.బి.ఎం. బహిరంగంగా ప్రకటించదు, నమోదు చేసుకున్న వినియోగదారులకే తెలుపుతుంది. చొరబాటుదారులకు దారి చూపకుండుటకే ఈ జాగ్రత్త.

ఈ ముద్రల సమాచారమంతా హోల్డ్‌డేటా అనే ఫైలులో వస్తుంది. ఎస్.ఎం.పి./ఇ. అనే ఉపకరణం దీనిని చదివి, తన యంత్రంలో ఉన్న ఏ భాగాలకు ఏ హైపర్ సవరణలు ఇంకా చేరలేదో జాబితా ఇస్తుంది.

ఎప్పుడు వేయాలి?

హైపర్ అన్నంత మాత్రాన వెంటనే వేయవలసినదని అర్థం కాదు. ఆ లోపమున్న సౌకర్యాన్ని తమ సంస్థ వాడుతున్నదా అన్నది ముందు చూడాలి. తొందరపడితే సవరణయే పి.ఇ. కావచ్చును, ఆలస్యం చేస్తే తెలిసిన ప్రమాదాన్నే కొనితెచ్చుకొన్నట్లు. పరీక్షించిన సవరణలను ఐ.బి.ఎం. ఆర్.ఎస్.యు. అనే పేరుతో గుంపుగా సిఫారసు చేస్తుంది. కొన్ని సంస్థలు దానికోసం ఆగుతాయి.

ఈ నిర్ణయాలు సిస్టమ్స్ ప్రోగ్రామర్ల పని. 1990వ దశకం చివర వై2కె సమస్య కారణంగా కోబాల్ తెలిసినవారికి గిరాకీ పెరిగి, రాయలసీమ జిల్లాల నుండి కూడా యువకులు హైదరాబాదు అమీర్‌పేటలోని శిక్షణ కేంద్రాలకు వెళ్ళారు. అక్కడ నేర్పినది ప్రధానంగా కోబాల్, జె.సి.ఎల్., డి.బి.2 వంటి అప్లికేషన్ విద్య. సవరణలు వేయుట ఉద్యోగంలో చేరిన తరువాత అనుభవంతో అబ్బేది. అమెరికా బ్యాంకులు శనివారం రాత్రి సవరణలు వేయగా, భారతదేశంలో ఉండి ఆ పని చూసేవారికి అది ఆదివారం ఉదయం అవుతుంది.

పర్యవసానం ఎంత దూరం పోగలదో 2012 జూన్‌లో బ్రిటన్‌లోని రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్ ఉదంతం చూపినది. అది హైపర్ సవరణ కాదు, రాత్రిపూట పనులను వరుసలో నడిపే సాఫ్ట్‌వేరు ఆధునికీకరణ. అందులో తేడాలు కనబడగా దానిని వెనుకకు తీసివేశారు. తీసివేస్తే ఏమవుతుందో ముందుగా పరీక్షించలేదు. పాత రూపానికీ కొత్త రూపానికీ పొసగక, బ్రిటన్‌లో సుమారు 65 లక్షల మంది ఖాతాదారులు ఇబ్బంది పడ్డారు. ఆ పనికి హైదరాబాదులో నియామకాలు జరిగినవని బ్రిటిష్ పత్రికలు వ్రాశాయి. విదేశాలకు పని తరలించుట దీనికి కారణం కాదని బ్యాంకు అధిపతి స్టీఫెన్ హెస్టర్ ప్రకటించాడు. 2014 నవంబరులో రెండు నియంత్రణ సంస్థలు కలిసి ఆ బ్యాంకుకు 5.6 కోట్ల పౌండ్ల జరిమానా విధించాయి.