వేమవరం ఆకులు, సముద్రపు గుల్లలు

నేలమీద పెరిగిన చెట్టు ఆకులూ, సముద్రంలో బతికిన జీవుల గుల్లలూ ఒకే రాతిపొరల్లో దొరికితే, ఆ రాయి వయసు చెప్పడానికి దేని మాట నమ్మాలి? ఒంగోలు పరిసరాల్లోని వేమవరం షేల్ (బురద గట్టిపడి ఏర్పడిన పలకరాయి) పొరల విషయంలో ఈ ప్రశ్న అర్ధ శతాబ్దం పైగా నలిగింది.

ఒంగోలు ఇవాళ ప్రకాశం జిల్లా కేంద్రం. ఈ కథ మొదలైనప్పుడు మాత్రం అది నెల్లూరు జిల్లాలో ఒక తాలూకా. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడ్డాక అందులో కలిసింది. నెల్లూరు జిల్లాలో ఉన్న ఆ రోజుల్లోనే భారత భూవిజ్ఞాన సర్వే సంస్థ తరఫున రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ తీరాన్ని పరిశీలించారు. 1863లో మద్రాసు దగ్గర పల్లావరంలో పాతరాతియుగపు పనిముట్టును గుర్తించింది ఈయనే. అడుగున బూదవాడ ఇసుకరాయి, దాని మీద వేమవరం షేల్, ఆపైన పావులూరు ఇసుకరాయి అని ఇక్కడి పొరలను ఆయన మూడుగా విడదీశారు. అలా మన పల్లెల పేర్లు భూవిజ్ఞాన గ్రంథాలకెక్కాయి.

వేమవరంలో దొరికిన ఆకుల ముద్రలను కలకత్తాలో ఒట్టోకార్ ఫైస్ట్‌మాంటెల్ పరిశీలించారు. ఆయన బొహీమియా నుంచి 1875లో వచ్చి అదే సంస్థలో చేరినవారు. మద్రాసు తీరపు శిలాజ వృక్షాల మీద ఆయన గ్రంథం 1879లో వెలువడింది. వేమవరం ఆకులు రాజమహల్ కొండల్లో దొరికినవాటిని పోలి ఉన్నాయి కనుక ఈ పొరలూ జురాసిక్ కాలానివేనని ఆయన నిర్ణయం. 1933లో అమ్మోనైట్లనే సముద్రపు గుల్లజీవుల నిపుణుడు ఎల్.ఎఫ్. స్పాత్ ఈ పొరల్లోని గుల్లలను చూసి, కాదు, ఇవి తర్వాతి క్రెటేషియస్ యుగపు తొలి భాగానివి అన్నారు. అంటే ఇంచుమించు 13 కోట్ల ఏళ్ల నాటివి. చివరికి గుల్లల మాటే నెగ్గింది.

అలాగని ఫైస్ట్‌మాంటెల్‌ను తప్పుపట్టడం న్యాయం కాదు. అమ్మోనైట్లు త్వరత్వరగా రూపం మార్చుకున్న జీవులు. ఒక్కో రకం కొద్దికాలమే ఉండి పోతుంది కాబట్టి కాలాన్ని సన్నగా కొలవడానికి పనికొస్తుంది. ఆకులకు ఆ తొందర లేదు. ఒకే ఆకారం కోట్ల ఏళ్లపాటు దాదాపు అలాగే కొనసాగగలదు. నా దృష్టిలో ఆకును వయసు అడగడం కన్నా ఊరు అడగడం మేలు: ఎక్కడ పెరిగింది, ఎలాంటి వానలో, ఏ చెట్ల సరసన.

వేమవరం ఆకుల్లో ముఖ్యమైనది టైలోఫిల్లమ్. సన్నని చిన్నచిన్న రెబ్బలు నడిమి కాడకు రెండు పక్కలా వరుసగా, పక్షి ఈకలోలా అమరి ఉంటాయి. ఆ రెబ్బలు కాడ అంచులకు కాకుండా దాని పైముఖానికి అతుక్కుని ఉంటాయి. అందువల్ల ఆకు పైభాగం ముద్ర పడ్డ రాయిలో కాడ దాదాపు కనిపించదు. అడుగుభాగం ముద్ర పడితే స్పష్టంగా తెలుస్తుంది. అలవాటు లేని కంటికి ఇవి రెండు వేర్వేరు మొక్కలనిపిస్తాయి.

శేషాచలం కొండల్లో పెరిగే పేరీతను చూసినవారికి ఈ ఆకు తెలిసినదే అనిపిస్తుంది. పేరీత సైకస్ జాతి మొక్క. కానీ టైలోఫిల్లమ్ సైకస్ కాదు. పూర్తిగా అంతరించిపోయిన బెన్నెటైటేలీస్ అనే మరో వర్గానిది. ఆ తేడా పైచూపుకు అందదు. రాతిలో ఆకు నల్లని బొగ్గుపొరగా మిగిలి ఉంటే దాన్ని నైట్రిక్ ఆమ్లం, పొటాషియం క్లోరేట్‌లలో నానబెట్టి, తర్వాత క్షారంతో కడుగుతారు. ఆకును కప్పి ఉండే పలుచని మైనపు పొర ఒక్కటే మిగులుతుంది. సూక్ష్మదర్శిని కింద దాని మీద కణాల గోడలు, పత్రరంధ్రాలు కనిపిస్తాయి. రంధ్రాన్ని కాచే కణాలూ, వాటి పక్క కణాలూ ఒకే తల్లికణం నుంచి పుట్టిన తీరు కనిపిస్తే అది బెన్నెటైటేలీస్. సైకస్‌లలో అలా ఉండదు. వేమవరం ఆకులు ఎక్కువగా ఒట్టి ముద్రలే కావడంతో, ఈ పరీక్షకు బొగ్గుపొర మిగిలిన వేరే చోట్ల నమూనాలే ఆధారం.

ఇంకో చిక్కుంది. ఆకు ఒకచోట, కాండం ఒకచోట, పువ్వులాంటి భాగం మరోచోట దొరుకుతాయి. దేనికి దానికి విడిగా పేరు పెట్టక తప్పదు. 1932లో శిలాజ వృక్షాల పరిశోధకుడు బీర్బల్ సాహ్ని రాజమహల్ కొండల శిలాజాల నుంచి ఈ ముక్కలను జతచేసి, విలియమ్‌సోనియా సీవార్డియానా అనే మొక్క నిలువెత్తు రూపాన్ని గీసి చూపించారు.

టైలోఫిల్లమ్‌తో పాటు ఇక్కడ అరకేరియా వంటి శంకుధారి వృక్షాలూ ఉండేవి. నర్సరీల్లో క్రిస్మస్ చెట్టు పేరుతో కుండీల్లో అమ్మేది ఆ అరకేరియా బంధువే. సింగరేణి బొగ్గుకు మూలమైన గ్లాసాప్టెరిస్ అడవులు అప్పటికే అంతరించి పది కోట్ల ఏళ్లు దాటింది. ఈ పొరల్లో పూలమొక్కల జాడ లేదు. తాటిచెట్టు లేదు, గడ్డి లేదు, కాబట్టి వరీ లేదు. వరి వర్గానికి చెందిన గడ్డి ఆనవాళ్లు దొరికింది చాలా తర్వాతి కాలపు డైనోసార్ల పేడ శిలాజాల్లో, అదీ మన దేశంలోనే. ఇక ఇప్పుడు తీరం పొడవునా కనిపించే జీడిమామిడి, సర్కారు తుమ్మ మనుషులు నిన్నమొన్న తెచ్చి నాటినవి.

టైలోఫిల్లమ్ ఆకులు కచ్‌లో, శ్రీపెరుంబుదూరులో, అంటార్కిటికాలోని హోప్ బేలో కూడా దొరికాయి. ఇప్పుడు మంచు కప్పిన ఆ ఖండం ఒకప్పుడు మన తూర్పు తీరాన్ని ఆనుకుని ఉండేది. రెండూ విడిపోతున్నప్పుడు పడిన పల్లంలోకి సముద్రం చొరబడింది. ఒడ్డునున్న అడవి ఆకులను ఏరులు మోసుకొచ్చి ఆ లోతులేని నీటి బురదలో వేశాయి. గుల్లలూ ఆకులూ కలిసి దొరకడానికి కారణం ఇదే.

బావి తవ్వేటప్పుడో, క్వారీలోనో రాతిపలక విడిపోయి ఆకు ముద్ర కనిపిస్తే రెండు సగాలూ భద్రపరచండి. ఒక సగంలో లేని వివరం రెండో సగంలో ఉండొచ్చు. ఏ ఊరు, ఎంత లోతు అన్నది అక్కడికక్కడే రాసిపెట్టి, దగ్గరలోని విశ్వవిద్యాలయ భూవిజ్ఞాన శాఖకు కబురు చేయండి. దొరికిన చోటు తెలియని శిలాజం అలంకారానికి తప్ప పరిశోధనకు పెద్దగా పనికిరాదు.